శ్రీకృష్ణాష్టమి ఉట్టి: పిల్లల ఆటలకు కొన్ని ఏర్పాట్లు

శ్రావణ బహుళాష్టమి సమీపిస్తున్నదనగానే మన ఆలయాలలో రెండు ఏర్పాట్లు మొదలవుతాయి. ఒకటి స్వామివారి ఊయల సేవకు, రెండవది పిల్లల ఉట్టికి. మొదటిదానికి అర్చకస్వాములు ఉన్నారు, సంప్రదాయం ఉన్నది, లోటు రాదు. రెండవదానికి మాత్రం కట్టుదిట్టమంటూ ఏదీ ఉండదు. దాతలు తెచ్చిన పిప్పరమెంట్లు, చాక్లెట్లు ఒక కుండలో పోసి, తాడుకు వ్రేలాడదీసి, ఒక పెద్ద పిల్లవాని చేతికి కర్ర ఇచ్చి, మనమందరం చుట్టూ నిలబడి చూస్తాము. కుండ పగలగానే తొక్కిసలాట. అయిదు నిమిషాలలో అంతా ముగిసిపోతుంది. అందినవాడు రెండు గుప్పిళ్ళతో పరుగెడతాడు, అందనివాడు తల్లి చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకొంటాడు.

ఈ వ్యాసం ఆ రెండవ ఏర్పాటును గురించినది. అల్ప వ్యయంతో, పండుగ మిఠాయితోనే, వచ్చిన ప్రతి బాలునికీ బాలికకూ వాటా అందేటట్లు ఆటలు ఎట్లా నడపవచ్చునో చెప్పడం దీని ఉద్దేశం. అంతకుముందు, ఈ వేడుకకు మూలమైన కథలో ఆట ఎట్లా ఉన్నదో ఒకసారి చూద్దాము. మనం ఉట్టిని మాత్రమే గుర్తుంచుకొని మిగిలినదంతా మరచినట్లు తోస్తుంది.

భాగవతం దశమ స్కంధంలో గోపబాలురు లేగదూడలను తోలుకొని అడవికి పోయే ఘట్టం ఉన్నది. ప్రతి బాలుడూ తన చల్దిమూటను వలలో పెట్టి భుజాన వ్రేలాడదీసుకొంటాడు. సంస్కృత మూలంలో ఆ వలకు వాడిన మాట శిక్యం. ఇంటిదూలానికి కట్టే ఉట్టికీ అదే మాట. తిరుమలలో గోకులాష్టమి మరునాడు జరిగే ఉట్లోత్సవానికి శిక్యోత్సవమని పేరు రావడం ఇందువల్లనే. ఆ బాలురు దారిలో ఒకరి మూటను ఒకరు దొంగిలిస్తారు. సొంతదారు కనిపెట్టగానే మూట దూరాన ఉన్నవానికి విసరబడుతుంది. వాడు మరింత దూరానికి విసురుతాడు. చివరకు నవ్వుతూ తెచ్చి ఇచ్చివేస్తారు. ఈ చివరి మాట గమనించదగినది. మూట తిరిగి ఇవ్వడంతోనే అక్కడ ఆట పూర్తి అవుతున్నది.

అదే ఘట్టంలో మరికొన్ని ఆటలు ఉన్నాయి. కొందరు ఎగిరే పక్షుల నీడల వెంట పరుగెడతారు. కొందరు హంసల వెంట హంసలవలె నడుస్తారు, కొంగల ప్రక్కన కొంగలవలె కూర్చుంటారు, నెమళ్ళతో ఆడతారు, కప్పలతో గెంతుతారు, తమ ప్రతిధ్వనినే తిట్టిపోస్తారు. కొన్ని అధ్యాయాల తరువాత మారేడుకాయలు, ఉసిరికాయలు ఆటవస్తువులవుతాయి. కండ్లు మూసి ఆడే ఆటలు వస్తాయి. ఇందులో కొనవలసిన వస్తువు ఒక్కటీ లేదు.

భాండీరమనే మఱ్ఱిచెట్టు వద్దకు పోతూ ఆడిన పందెం మరీ ముఖ్యమైనది. ఓడినవారు గెలిచినవారిని వీపున మోయాలి. అది నియమం. ఆనాడు శ్రీకృష్ణుని జట్టు ఓడింది. స్వామి శ్రీదాముని వీపున మోశాడు. జగన్నాథుడు ఓడిపోవడానికి సిగ్గుపడలేదు, మోయడానికి వెనుకాడలేదు. మన ఉట్టి దగ్గర పదమూడేండ్ల పిల్లవాడు అయిదేండ్ల పసివానిని త్రోసివేసి గుప్పిలి నింపుకొన్నప్పుడు, మనం చప్పట్లు కొట్టి అతనినే చిన్నికృష్ణుడని పిలుస్తున్నాము.

ఇంతగా వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. పాఠశాల ఉద్యోగం నుంచి విరమించిన తరువాత నేను ఒక చిన్న ఆలయంలో పిల్లల ఆదివారపు తరగతి చూస్తున్నాను. కొన్నేండ్ల క్రిందట అక్కడ ఉట్టి ఏర్పాటు నా చేతుల మీదుగానే జరిగింది. మట్టికుండ నేనే కొన్నాను, తాడు నేనే కట్టించాను. కుండ పగిలింది. పెంకులు, మిఠాయి కలిసి నేలపై పడ్డాయి. నలభైమంది పిల్లలు ఒక్కసారిగా వంగారు. ఒక పసివాని పాదంలో పెంకు గుచ్చుకొన్నది. వానికి కట్టు కట్టే హడావుడిలో నేను ఉండగా, ఆలయం మెట్ల దగ్గర పూలు అమ్మే ఒక అవ్వ మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చింది. ఆ పిల్లకు అట్టముక్కతో చేసిన కిరీటం, దానికి నెమలి ఈక. కిరీటం నలిగిపోయింది. చేతులు ఖాళీ. అవ్వ కోపంగా అడగలేదు. “పంతులుగారూ, దేవుడి ఉట్టిలో కూడా మా పిల్లకు వాటా లేదాండీ?” అన్నది. నేను జేబులు తడుముకొన్నాను. ఏమీ లేదు. ఎవరో ఒక చాక్లెట్ తెచ్చి ఇచ్చారు కాని ఆ పిల్ల తీసుకోలేదు. తనకు కావలసింది ఉట్టిలోది.

మరుసటి యేడాది నుంచి కుండ మానివేశాము. దాని బదులు ఏమేమి చేస్తున్నామో ఇకపై వివరిస్తాను. ఇతర ఆలయాలవారు తమ వీలునుబట్టి మార్చుకోవచ్చును.

మొదట ఒక నియమం. స్వామికి నివేదించిన పదార్థం ఆటవస్తువు కాదు. అటుకులు, వెన్న, మీగడ, శొంఠి కలిపిన బెల్లం నివేదన అయిన పిమ్మట ప్రసాదమవుతాయి. వాటిని విసరడం, నేలపై పడనీయడం, పందెంగా పెట్టడం తగదు. ఆటలకు వాడే మిఠాయి వేరుగా తెప్పించి వేరుగా ఉంచాలి. ఆటలన్నీ ముగిసి, పిల్లలు కాళ్ళు చేతులు కడుగుకొన్న తరువాత, కూర్చోబెట్టి ప్రసాదం ఇవ్వాలి. ఇది పెట్టుకొన్నందువల్ల మరొక మేలు కలిగింది. ప్రసాదం కోసం పిల్లలు చివరిదాకా ఉంటున్నారు, మధ్యలో జారుకోవడం లేదు.

ఇక మిఠాయి ఎంపిక. కాగితం చుట్టిన రూపాయి పిప్పరమెంటు ఈ పనికి అన్నిటికంటె అనువైనది. చేతులు మారినా మలినం కాదు, వానకాలపు చెమ్మకు జిగురు కట్టదు. చాక్లెట్లు శ్రావణపు ఉక్కకే మెత్తబడి కాగితానికి అంటుకొంటాయి. పాలకోవా, బర్ఫీ వంటివి బయట ఎక్కువసేపు ఉంచరాదు కనుక ఆటకు పనికిరావు. పాతకాలపు బత్తాసులు ఇప్పటికీ కిరాణా దుకాణాలలో దొరుకుతున్నాయి. పంచదార పాకంలో కొద్దిగా సోడా కలిపి చుక్కలుగా పోసి ఆరబెట్టినవి అవి. లోపల గుల్లగా ఉండి నాలుకపై పడగానే కరుగుతాయి. తెలంగాణలోని కొన్ని ప్రాంతాలలో హోలీ పండుగకు పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు వీటి చుట్టాలే. బత్తాసులకు కాగితం చుట్టు ఉండదు కనుక వాటిని నేరుగా చేతికి ఇచ్చి తినిపించే ఆటలకే ఉంచుకోవాలి.

నలభైమంది పిల్లలను లెక్కలోకి తీసుకొందాము. ఒక్కొక్కరికి ఆరు చొప్పున 240 పిప్పరమెంట్లు, అంటే 240 రూపాయలు. అరకిలో బత్తాసులు, పాత వార్తాపత్రికలు, కొన్ని గుడ్డముక్కలు, అయిదు చిన్న వెదురుబుట్టలు, సుద్దముక్కలు. బుట్టలు ఒకసారి కొంటే చాలా యేండ్లు వస్తాయి. ఆరింటిలో మూడు చల్దిమూట ఆటకు, ఒకటి అనుకరణ ఆటకు, రెండు ఉట్టికి. ఏ పిల్లకూ ఆరుకు తక్కువ రాదు, ఎక్కువా రాదు. గెలుపు ఓటములు ఉంటాయి, ఆ ఆరుకు మాత్రం వాటితో సంబంధం ఉండదు. ఇది మొదట పెద్దపిల్లలకు నచ్చలేదు. “గెలిచినా అంతేనా మాస్టారూ?” అని ఒకడు నన్ను నిలదీశాడు. అంతే అన్నాను. వాడు ఆడడం మానలేదు.

మొదటి ఆట చల్దిమూట. దర్జీ దుకాణంలో పారవేసే గుడ్డముక్కలను జానెడు చదరంగా కత్తిరించి, ఒక్కొక్కదానిలో మూడు పిప్పరమెంట్లు పెట్టి మూట కట్టాలి. మూటకు పిల్లవాని పేరు వ్రాసిన చీటీ గుచ్చాలి. గుండుసూది వాడరాదు, దారంతో కట్టాలి. పిల్లలు రెండు జట్లుగా ఎదురెదురుగా కూర్చుంటారు. ఒక జట్టు కండ్లు మూసుకొని నామావళి చెప్పుతూ ఉండగా రెండవ జట్టువారు మూటలు తీసి మంటపంలో దాస్తారు. కండ్లు తెరచిన తరువాత వెదకులాట. వెదికేవాడు మూటను సమీపిస్తే, దాచినవాడు దానిని తీసి తన జట్టువానికి విసరవచ్చును. ఒక్కొక్క మూటను మూడుసార్లకు మించి విసరరాదు. మూడవసారి పట్టినవాడు నవ్వుతూ తీసుకొనివచ్చి సొంతదారు చేతిలో పెట్టాలి. తరువాత జట్లు మారతాయి. విసరడం అందరికీ వస్తుంది. తిరిగి ఇచ్చేటప్పుడు కొందరు బిగుసుకొంటారు. అక్కడ పెద్దలు కలుగజేసుకోకుండా కాస్త ఆగడం మంచిది, ప్రక్క పిల్లలే చెప్పి ఇప్పిస్తారు. దాచే చోట్లలో గర్భాలయ ద్వారం, దీపపు సెమ్మెలు, ధ్వజస్తంభ పీఠం, హుండీ పరిసరాలు ఉండకూడదని ముందే చెప్పి, సుద్దతో హద్దు గీయాలి.

రెండవది అనుకరణ. భాగవతంలోని కప్ప, కొంగ, హంస, నెమలి, కోతి పేర్లను చీటీలపై వ్రాసి, చదవలేని చిన్నవారి కోసం ప్రక్కన బొమ్మ వేసి, ఒక్కొక్క చీటీని ఒక పిప్పరమెంటుకు చుట్టి పళ్ళెంలో ఉంచాలి. వంతు వచ్చినవారు ఒకటి తీసి, చీటీ చూసి, మాట లేకుండా అభినయించాలి. మిగిలినవారు కనిపెట్టాలి. కనిపెట్టినవారికి తదుపరి వంతు. ఇదివరకే ఆడినవారు కనిపెడితే తమ వంతును ఇంకా ఆడనివారికి ఇవ్వాలి. తోక లాగుతుంటే కోపగించుకొనే కోతిని మా తరగతిలో ఒక మూడవ తరగతి పిల్ల చేసి చూపినప్పుడు అర్చకస్వామి కూడ బయటకు వచ్చి నవ్వారు. మాట్లాడడానికి బిడియపడే పిల్లలకు ఈ ఆట చాలా మేలు చేస్తుంది.

ఎండ తగ్గేదాకా నీడన కూర్చొని ఆడుకోవడానికి వామనగుంటలు. ఇంట్లో చెక్కపీట ఉన్నవారు తేవచ్చును. దాని గుంటలకు పిప్పరమెంట్లు పెద్దవవుతాయి కనుక మేము నేలపై సుద్దతో ఏడేసి వలయాలు రెండు వరుసలు గీస్తాము. మొత్తం 14 వలయాలు, ఒక్కొక్కదానిలో నాలుగు చొప్పున 56 పిప్పరమెంట్లు. తన వరుసలోని ఒక గుంటలోనివి తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటి వేస్తూ పోవాలి. చేతిలోనివి అయిపోగానే ఆ తరువాతి గుంటలోనివి తీసి సాగించాలి. తరువాతి గుంట ఖాళీ అయితే దాని అవతలి గుంటలోనివి ఆడేవారి సొమ్ము. అక్కడితో వంతు ఎదుటివారిది. ఒక్కొక్క ఊరిలో ఈ నియమాలు కొద్దిగా మారతాయి. అమ్మమ్మ చెప్పిన నియమమే సరియైనదని పిల్లలు పట్టుబడతారు. మొదలుపెట్టేముందే ఒక అమ్మమ్మను న్యాయమూర్తిగా కూర్చోబెట్టడం ఉత్తమం. ఆట ముగియగానే ఆ 56 ఉట్టిబుట్టల లెక్కలోకి తిరిగి చేరాలి. ఇవి పందెపు సొమ్ము కాదు, చింతగింజలకు బదులు మాత్రమే. సరి బేసి ఆట కూడ ఇట్లే ఆడించవచ్చును.

బత్తాసులతో ఆడేది భాండీర పందెం. రెండు జట్లు ఒక గీత నుంచి మఱ్ఱిచెట్టుగా భావించిన స్తంభం దాకా కప్పగెంతులతో పోయి రావాలి. ఓడిన జట్టు గెలిచిన జట్టును మోయాలని కథ చెప్పుచున్నా, బండరాతి నేలపై పిల్లలచేత పిల్లలను మోయించడం నాకు సమ్మతం కాదు. దానికి బదులు ఓడినవారు గెలిచినవారికి ఒక్కొక్క బత్తాసు నోటికి అందించాలి. గెలిచినవారు కూడ వెంటనే ఒకటి తిరిగి అందిస్తారు. చేతులు కడిగించిన తరువాతనే ఇది.

చివరకు ఉట్టి. మట్టికుండ వద్దు. వెదురుబుట్ట అడుగు భాగాన్ని కోసివేసి, ఒక పొర వార్తాపత్రికను మైదా జిగురుతో అంటించి ముందురోజే ఆరబెట్టాలి. నలభైమందిని ఎనిమిదిమంది చొప్పున అయిదు జట్లు చేస్తే, ఒక్కొక్క జట్టుకు ఒక బుట్ట, దానిలో 16 పిప్పరమెంట్లు. బుట్టను దూలానికి కప్పీతో వ్రేలాడదీసి, తాడు కొసను ఒక పెద్దవారు పట్టుకోవాలి. బుట్ట క్రింద దుప్పటి. ఏడుగురు పిల్లలు దాని అంచులు పట్టుకొంటారు, ఎనిమిదవవారు మూడడుగుల వెదురుకర్రతో బుట్ట అడుగును క్రిందినుంచి పొడవాలి. కర్రను ప్రక్కలకు విసరకూడదు. వయస్సులో చిన్నవారిది మొదటి వంతు. ఒక్కొక్కరికి ఒకే పోటు. తాడు పట్టుకొన్నవారు బుట్టను పైకి క్రిందికి ఆడించడంలో ఉన్నది అసలు వినోదం. నీరు చల్లడం పెద్దల ఉట్టికి శోభ. రాయలసీమ పల్లెలలో జారుడు ఉట్లమాను ఎక్కే యువకులపై నీరు చల్లుతూ ఉంటే చూడవలసినదే. నున్నని నేలపై నిలిచిన చిన్నపిల్లల మీద మాత్రం చల్లరాదు.

కాగితం చిరిగి పిప్పరమెంట్లు దుప్పటిలో పడతాయి. పంచే అధికారం ఉట్టి కొట్టినవారిది. రెండేసి చొప్పున ఏడుగురికీ ఇచ్చి, చివరి రెండూ తాను తీసుకోవాలి. కుండ మానిన మొదటి యేడాది, మూడవ జట్టులో కాగితం చిరిగింది ఆ పూల అవ్వ మనుమరాలి పోటుకే. పంచుతూ ఉండగా లెక్క తప్పి ఒకనికి మూడు ఇచ్చి, తనకు ఒకటే మిగుల్చుకొన్నది. మూడు వచ్చినవాడు కొంతసేపు ఊరకుండి, తరువాత ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఎవరూ చెప్పలేదు.

తల్లిదండ్రులకు, కార్యకర్తలకు కొన్ని హెచ్చరికలు తప్పవు. అయిదేండ్ల లోపు పిల్లలకు గట్టి పిప్పరమెంట్లు, పప్పులు, వేరుశనగ గింజలు నోటికి ఇవ్వరాదు. గొంతులో అడ్డుపడే ప్రమాదమున్నది. వారి మూటలో కూడ మూడూ పెట్టి తల్లికి అప్పగించి, వారికి అప్పటికప్పుడు బత్తాసు చిదిపి ఇవ్వాలి. ఏ వయస్సువారైనా నోటిలో మిఠాయి ఉండగా పరుగెత్తకూడదు. అందుచేత పరుగు ఆటలన్నీ ముగిసేదాకా పిప్పరమెంట్లు మూటలోనే ఉండాలి. మధుమేహమున్న పిల్లలు, కొన్ని పదార్థాలు పడనివారు ఎవరైనా ఉన్నారేమో పేర్లు వ్రాసుకొనేటప్పుడే తల్లిని విడిగా అడగాలి. అందరిముందు మైకులో అడగకూడదు. అట్టి పిల్లవాని మూటలో పెన్సిలు, రబ్బరు పెట్టవచ్చును, బయటకు మూటలన్నీ ఒక్కటిగానే కనిపిస్తాయి.

దాతలకు ఒక విన్నపం. ఖరీదైన చాక్లెట్ పెట్టెలు నాలుగు ఇచ్చేకన్నా, ఒకే రకపు పిప్పరమెంట్లు పిల్లల సంఖ్యకు సరిపడ ఇవ్వడం మాకు ఎంతో ఉపకారం. రకాలు పెరిగితే పోలిక పెరుగుతుంది, పోలికతో ఏడుపు. ఇచ్చే ఆలోచన ఉన్నవారు పండుగకు వారం ముందే లెక్క అడిగి తెలుసుకోవాలి. పండుగ నాటి సాయంత్రం తెచ్చినవి ఆ నాటి ఆటలలో కలపబడవు, తరువాతి ఆదివారపు తరగతికి ఉంచబడతాయి. దాతల పేర్లు చదవడం ఆటలకు ముందు కాక తరువాత పెట్టుకొంటే బాగుంటుంది. చేతిలో మూటతో కూర్చున్న పిల్లవానికి ఇరవై పేర్లు వినే ఓపిక ఉండదు, పెద్దవాడినైన నాకే ఉండదు.

మిగిలినది శుభ్రత. ప్రసాదానికి కూర్చోబెట్టేముందు ఒక బుట్ట మధ్యలో పెట్టి, తిన్న పిప్పరమెంటు కాగితాలు, చీటీలు, చిరిగిన పత్రిక ముక్కలు అన్నీ అందులో వేయించాలి. ఏ జట్టు ముందు ముగిస్తే ఆ జట్టు ప్రసాదానికి ముందు వరుస. గుడ్డముక్కలు ఉతికి వచ్చే యేటికి దాచుకోవచ్చును. మిగిలిన బత్తాసులు ఆలయం ఊడ్చేవారికి, కావలివానికి ఇంటికి ఇచ్చి పంపాలి. కప్పీ తాడు మాత్రం ఆ సాయంత్రమే విప్పివేయాలి. ఒకసారి మరచిపోయాము. తెల్లవారేసరికి కోతులు దానిని పట్టుకొని మంటపమంతా ఊయలలూగుతూ సుప్రభాతం ముగిసేదాకా దిగలేదు.